పశువుల డాక్టరా అని మూతి విరిచే ముందు

నీట్‌లో సీటు రాకపోతే లాంగ్‌టర్మ్, అప్పుడూ రాకపోతే ఇంకో లాంగ్‌టర్మ్. రాజమండ్రి, భీమవరం వైపు చాలామంది తల్లిదండ్రులకు మూడో దారి కనిపించదు. బీవీఎస్సీ పేరెత్తితే 'పశువుల డాక్టరా!' అంటారు. అలా అనే ఇల్లు చాలాసార్లు గేదె పాల మీదో, కోళ్లఫారం మీదో నడుస్తుంటుంది.

అర్హత సంగతి ఒక్క ముక్క: ఇంటర్ బైపీసీ, రాష్ట్ర సీట్లకు ఈఏపీసెట్, జాతీయ కోటా 15 శాతానికి నీట్, ఇంటర్న్‌షిప్‌తో ఐదున్నరేళ్లు. డెల్టాకు దగ్గరి కాలేజీ గన్నవరంలో ఉంది.

చేరాక మరో తప్పు మొదలవుతుంది. ఫార్మకాలజీ, టాక్సికాలజీ అంటే పరీక్ష ముందు బట్టీ పట్టి వదిలేయాల్సిన మందుల జాబితా అనుకుంటారు. మన ప్రాంతంలో పనిచేయబోయేవాళ్లకు ఇంతకన్నా అక్కరకొచ్చే సబ్జెక్టు లేదంటాను. పురుగుమందు కొట్టిన చేను గట్టు మీద గడ్డి మేసిన గేదె చొంగ కారుస్తూ వణుకుతుంది. అది ఆర్గానోఫాస్ఫేట్ అయితే అట్రోపిన్ పడాలి. నీళ్లందక వాడిన లేత జొన్న మేసిన ఆవూ గిలగిల కొట్టుకుంటుంది, కానీ అది సైనైడ్. దానికి సోడియం నైట్రైట్, థయోసల్ఫేట్ కావాలి. తేడా పట్టడానికి చేతిలో ఉండేది కొద్ది నిమిషాలే. మనకు జ్వరం తగ్గించే పారాసిటమాల్ పిల్లిని చంపుతుంది. దాన్ని విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి చాలదు. డైక్లోఫెనాక్ ఇచ్చిన పశువు చచ్చాక దాని కళేబరం తిన్న రాబందులు మూత్రపిండాలు చెడి నశించాయి. అందుకే 2006లో పశువులకు ఆ మందును నిషేధించారు. మెలాక్సికామ్ దాని స్థానంలోకి వచ్చింది.

ఉద్యోగమంటే ప్రభుత్వ ఆసుపత్రి పోస్టు ఒక్కటే కాదు. కోళ్ల మేతలో కలుపుతూ వచ్చిన కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను 2019లో ఆహార జంతువులకు నిషేధించారు. ఇలాంటి నిబంధనలు తెలిసి, మందు వేసిన ఎన్నాళ్లకు పాలు అమ్మొచ్చో, కోడిని కోయొచ్చో లెక్క చెప్పేవాళ్లు కావాలి. యాంటీబయాటిక్ అవశేషాలు దొరికితే రొయ్యల కంటైనర్ విదేశీ రేవు నుంచే వెనక్కొస్తుంది. పీజీలో ఫార్మకాలజీ, టాక్సికాలజీ తీసుకున్నవాళ్లకు మందుల కంపెనీలు, అవశేష పరీక్షల ల్యాబులు, దాణా పరిశ్రమ తలుపులు తెరుస్తాయి. నా పిల్లలైతే ఇటే పంపుతాను.

ఇక డబ్బు మాట. ఇష్టం లేని బిడ్డను మూడోసారి కోచింగ్ హాస్టల్లో పడేసి, దానికి అప్పు చేసి, ఆ అప్పు గురించి రోజూ ఫోన్లో వాడికే గుర్తుచేయడం నాకు మింగుడుపడదు. మార్కులు తగ్గిన బిడ్డకు నిద్ర కూడా తగ్గించేస్తున్నాం. ఇంకోపక్క పొరుగు రాష్ట్రంలో మేనేజ్‌మెంట్ సీటంటూ ఏజెంట్లు తిరుగుతుంటారు. కాలేజీకి భారత పశువైద్య మండలి గుర్తింపు ఉందో లేదో మండలి జాబితాలో మీరే చూడండి, ఏజెంటు చూపించే కాగితం కాదు. పదో తరగతి తర్వాత చేసే రెండేళ్ల పశుసంవర్థక డిప్లొమా మంచిదే, త్వరగా సంపాదన మొదలవుతుంది. దాంతో సొంతంగా డాక్టరు బోర్డు పెట్టుకోవచ్చని ఎవరైనా చెబితే మాత్రం నమ్మొద్దు. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం డిప్లొమావాళ్లు చేయగలిగింది చిన్నపాటి చికిత్సలే, అదీ రిజిస్టర్డ్ పశువైద్యుడి పర్యవేక్షణలోనే.