బృహదణువుల అమరిక – పదార్థ గుణములు

ఒక పదార్థమును గూర్చి ప్రశ్నించిన వెంటనే రసాయన శాస్త్ర విద్యార్థులమైన మనము దాని ఫార్ములాను వ్రాయుదుము. ఫార్ములా తెలిసినచో పదార్థము తెలిసినట్లేయని మన నమ్మకము. పరీక్షలకు ఈ నమ్మకము చాలునేమో గాని పదార్థమును అర్థము చేసికొనుటకు చాలదు. కూరగాయలు తెచ్చుకొను పలుచని సంచి, నీరు నిలువచేయు గట్టి డ్రమ్ము, అరిగిన మోకాలి కీలుకు బదులుగా వైద్యులు అమర్చు నున్నని పలక – ఈ మూడును పాలిథిలీనుతో చేయబడినవే. మూడింటను ఒక కార్బనుకు రెండు హైడ్రోజనుల చొప్పున గలవు. మరి ఇంతటి భేదము ఎక్కడినుండి వచ్చినది? అది అణువుల పొడవునందును, వాని అమరికయందును గలదని ఈ వ్యాసమున వివరింప దలచితిమి.

రబ్బరు, సెల్యులోజు మొదలగునవి చిన్న అణువులు గుంపుగూడుటచే ఏర్పడిన పదార్థములని ఒకప్పుడు పెక్కుమంది శాస్త్రజ్ఞులు భావించిరి. అవి వేలకొలది భాగములు రసాయన బంధములతో కలిసి ఏర్పడిన పొడవైన గొలుసులని 1920లో జర్మనీ దేశీయుడు హెర్మన్ స్టాడింగర్ ప్రతిపాదించెను. ఆయనను వ్యతిరేకించినవారి వాదములలో ఒకటి స్ఫటికములకు సంబంధించినది. ఎక్స్‌-కిరణ పరీక్షలో ఈ పదార్థముల స్ఫటిక ఘటకము మిక్కిలి చిన్నదిగా కనబడినది. ఘటకముకన్న అణువు పెద్దదిగా ఉండజాలదని వారి తర్కము. కాని ఒకే గొలుసు పెక్కు ఘటకముల గుండా సాగిపోవచ్చునని క్రమముగా తేలినది. స్టాడింగర్‌కు 1953లో నోబెల్ బహుమతి లభించినది.

పాలిథిలీను చరిత్ర ఈ విషయమును మరింత విశదము చేయును. 1933లో ఇంగ్లాండునందు గిబ్సన్, ఫాసెట్ అను ఇరువురు అత్యధిక పీడనమున ఇథిలీను వాయువుతో ప్రయోగము చేయుచుండగా మైనమువంటి తెల్లని పదార్థము లభించినది. ఈ పద్ధతిలో వచ్చు గొలుసులకు పక్కకొమ్మలుండును. 1953లో కార్ల్ జీగ్లర్ ఉత్ప్రేరకము సాయమున సామాన్య పీడనముననే కొమ్మలు లేని గొలుసులను నిర్మించెను. కొమ్మలు కొట్టివేసిన వెదురు గడలు కట్టగా ఒదుగును. తుమ్మకంప ఎంత నొక్కినను ఒదుగదు. గొలుసుల విషయమును ఇట్టిదే. కొమ్మలున్న పాలిథిలీను సాంద్రత సుమారు 0.92, అది 110 డిగ్రీల సెల్సియస్ ప్రాంతమున కరగును. కొమ్మలు లేనిదాని సాంద్రత సుమారు 0.96, అది 130 డిగ్రీలు దాటిన పిదప గాని కరగదు. మొదటిది సంచియైనది, రెండవది డ్రమ్మైనది. మోకాలి పలకకు వాడు రకమున గొలుసులు మరెన్నో రెట్లు పొడవైనవి. ఒకదానితో నొకటి పెనవేసికొనియుండుటచే అది సులభముగా అరుగదు.

ఇంత పొడవైన గొలుసులు స్ఫటికములో ఎట్లు ఇమిడినవి? ఒక లెక్క వేయుదము. 10,000 ఇథిలీను భాగములు గల గొలుసు అణుభారము సుమారు 2,80,000. ఒక్కొక్క భాగము పొడవు 0.254 నానోమీటర్లు గావున చాచిన గొలుసు 2,540 నానోమీటర్లుండును. నానోమీటరనగా మిల్లీమీటరులో పది లక్షవ వంతు. 1957లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయమున ఆండ్రూ కెల్లర్ పలుచని ద్రావణమునుండి పాలిథిలీను ఏకస్ఫటికములను పెంచెను. ఆ పలకల మందము సుమారు 10 నానోమీటర్లు మాత్రమే; గొలుసులు మాత్రము పలకకు లంబముగా నిలిచియున్నవి. కావున గొలుసు పలక అంచునకు చేరగానే వెనుకకు మడిగి, మరల మడిగి, అనేక పర్యాయములు వచ్చిపోవలెనని కెల్లర్ నిర్ణయించెను. చీర కుచ్చిళ్ళను తలచుకొన్నచో ఈ మడత బోధపడును.

అయితే కరిగిన పాలిమర్ చల్లారునపుడు గొలుసులన్నియు ఇట్లు సర్దుకొనజాలవు. కొంత భాగము స్ఫటికమగును, తక్కినది చిక్కుపడి అస్ఫటికముగా నిలిచిపోవును. ఈ పాళ్ళను నిర్ణయించువానిలో చల్లారు వేగము ముఖ్యమైనది. కాచిన నెయ్యిని నెమ్మదిగా చల్లారనిచ్చినచో పెద్ద పూస కట్టును. వేగముగా చల్లార్చినచో పూస సన్నగిల్లును. పాలిమర్లలోను నెమ్మదిగా చల్లారినపుడు స్ఫటికములు పెద్దవియు దట్టమైనవియు నగును. పదార్థము గట్టిపడును గాని పెళుసుదనమును పెరుగవచ్చును. విద్యార్థులు పలుచని సంచినుండి ఒక పేలికను కత్తిరించి మెల్లగా లాగి చూడవలెను. ఒకచోట అది సన్నబడి సాగును; సాగిన భాగమున గొలుసులు లాగిన దిక్కునకు వరుస దీరుటచే ఆ దిశలో బలము పెరుగును.

అమరికను మార్చుటకు మరియొక మార్గము పాలిమర్‌లో వేరొక పదార్థపు సూక్ష్మ కణములను కలుపుట. వీనిని నానో మిశ్రమములందురు. 1980 దశకమున జపానులోని టొయోటా పరిశోధనశాలవారు నైలాన్-6లో మాంట్‌మోరిల్లొనైట్ అను బంకమట్టి పొరలను విడదీసి కలిపిరి. ఒక్కొక్క పొర మందము ఒక నానోమీటరు మాత్రమే. మట్టి పాలు నూటికి 5కు లోపే అయినను, బరువుక్రింద నైలాన్ వంగు ఉష్ణోగ్రత 65 డిగ్రీలనుండి 140 డిగ్రీలకు పైగా పెరిగినది. మట్టి పొరల సమీపమున నైలాన్ వేరొక స్ఫటికరూపమును పొందుటయు గమనింపబడినది. నీటిని కోరు మట్టికిని పాలిమర్‌కును పొత్తు కుదురుటకు ముందుగా మట్టిని ఒక కర్బన పదార్థముతో శుద్ధిచేయవలసి వచ్చినది. పొరలు విడిపోనిచో అది సామాన్యపు మట్టిపొడి కలిపినట్లే యగును. ఈ రంగమున పరిశోధకుల శ్రమలో అధికభాగము ఈ విడదీయుటయందే గలదు.

ఇచట మరువరాని సంగతి యొకటున్నది. పదార్థమునకు మన్నికనిచ్చు ఆ క్రమమైన అమరికయే, వాడి పారవేసిన పిదప అది నశింపకుండుటకును ఒక కారణము. దట్టమైన స్ఫటికములలోనికి నీరు, ప్రాణవాయువు సులభముగా చొరబడజాలవు. పాలిలాక్టిక్ ఆమ్లమువంటి జీవవిచ్ఛిన్న పాలిమర్లలో సైతము అస్ఫటిక భాగములు ముందుగా శిథిలమగును, స్ఫటిక భాగములు వెనుక. అదియు 60 డిగ్రీల వేడిగల ఎరువు రాశిలో త్వరగా జరుగును గాని సామాన్యమైన నేలలో మిక్కిలి ఆలస్యమగును. మన దేశమున సంచుల కనీస మందమును 2021 సెప్టెంబరు 30 నుండి 75 మైక్రాన్లకును, 2022 డిసెంబరు 31 నుండి 120 మైక్రాన్లకును పెంచిరి. మందపు సంచిని తిరిగి వాడుదురు, ఏరి సేకరింతురు అనునది దీని యుద్దేశము. కాని మందము పెరిగినంత మాత్రమున గొలుసులు వేరగునా? పారవేసినచో మందపు సంచియు కాలువలోనే మిగులును.

కావున రాబోవు రసాయనికుల ముందు రెండు ప్రశ్నలున్నవి. వాడునంత కాలము బలముగా నుండి, పని తీరిన పిదప విడిపోవు అమరిక ఏది? బలము కొరకు కలిపిన నానో కణములను తిరిగి వేరుచేయుట ఎట్లు? వీనికి సమాధానము ఫార్ములాలో మాత్రమే దొరకదు. కరిగించి, చల్లార్చి, తూచి, కొలిచి చూచువారికే దొరకును. అట్టి పనికి సామాన్యమైన ఉష్ణమాపకము, త్రాసు, సూక్ష్మదర్శిని మొదటి మెట్టుకు చాలును. కళాశాల ప్రయోగశాలలో అవి బీరువాలయందు గాక బల్లలపైన, విద్యార్థుల చేతులలో నుండవలెనని మా కోరిక.