విషం దేన్ని పట్టుకుంటుందో చూడు

చి. పాపకు, శ్రీకూర్మం నుంచి తాతయ్య ఆశీస్సులు.

బాక్టీరియా విషాల మీద ప్రాజెక్టు ఇచ్చారని రాశావు. "విషంతో మందేటి తాతా?" అన్నావు. ఆ మందు పసితనంలోనే నీ ఒంట్లో పడింది. కాల్లో మేకు దిగినవాడు పీహెచ్‌సీకి పరుగెత్తి వేయించుకునే సూదిలో ఉన్నది ధనుర్వాతం విషమే, కాకపోతే కోరలు తీసేసినది. ఇప్పుడు కంఠసర్పిది కూడా కలిపి టీడీ అంటున్నారు గానీ, జనం నోట మాత్రం టీటీయే.

నువ్వు పట్టుకోవాల్సిన ప్రశ్న ఒక్కటే: విషం ఒంట్లో దేన్ని పట్టుకుంటుంది, పట్టుకుని ఏం చేస్తుంది? ధనుర్వాతం విషం నరాల కొసల్లోంచి వెన్నుపాములోకి పాకి, కండరాలను సడలించే సంకేతాన్ని ఆపేస్తుంది. విషం తగిలిన జంతువు రక్తంలోనే విరుగుడు పుడుతుందని 1890లో బెర్లిన్‌లో బేరింగ్, కిటసాటో చూపారు. 1920లలో ఫ్రాన్స్‌లో రామోన్ ఫార్మాలిన్‌తో, వేడితో విషం గుణం పోగొట్టి, రూపు మాత్రం మిగిల్చాడు. ఒంటికి గుర్తు పెట్టుకోవడానికి ఆ రూపు చాలు.

ఇక ఆ కోరలు తీసిన విషాన్నే హైదరాబాద్‌లో ఇంకో టీకాకు వాడిన సంగతి, దీన్ని నిదానంగా చదువు. టైఫాయిడ్ క్రిమి పైపొర ఒక చక్కెర గొలుసు. దాన్ని ఒక్కదాన్నే టీకాగా ఇస్తే రెండేళ్లలోపు పిల్లల్లో సరిగా పనిచేయదు. అక్కడి భారత్ బయోటెక్ కంపెనీ ఆ చక్కెరను కోరలు తీసిన ధనుర్వాత విషానికి అతికించింది. విషం ప్రొటీనే గనక, దాన్ని చూసి ఒంటిని కాచే టీ కణాలు సాయానికి వస్తాయి, వాటి తోడుతో చక్కెర కూడా ఒంటికి గుర్తుండిపోతుంది. 2013లో ఈ టీకాకు మనదేశంలో అనుమతి వచ్చింది. ఆర్నెల్ల గుంటలకైనా ఒక్క డోసే. నేపాల్‌లో సుమారు 20,000 మంది పిల్లలతో చేసిన పరీక్షలో మొదటి ఫలితాలే 80 శాతం పైచిలుకు రక్షణ చూపాయి. (ఇది వేయించామని ధనుర్వాతం టీకా మానకూడదు. తల్లులకు ఈ మాట విడిగా చెప్పాలి.)

అదే హైదరాబాద్‌లో బయోలాజికల్ ఇ తన టైఫాయిడ్ టీకాకు సీఆర్‌ఎం197 అనే మారిన కంఠసర్పి విషాన్ని వాడింది. కంఠసర్పి విషంలో 535 అమైనో ఆమ్లాలుంటే, ఇందులో 52వ చోట గ్లైసిన్ బదులు గ్లూటమిక్ ఆమ్లం ఉంది. ఆ ఒక్క మార్పుతోనే చంపే గుణం పోయింది. రామోన్ పద్ధతికన్నా నాకు ఇదే ముచ్చటేస్తుంది.

బాక్టీరియా విషమే నేరుగా మందైనది బొటాక్స్. అదంటే సినిమావాళ్ల ముడతలే అనుకుంటారు గానీ, 1989లో అమెరికా ఆ విషాన్ని ముందు ఒప్పుకున్నది మెల్లకన్నుకు, రెప్పలు బిగుసుకుపోయే జబ్బుకు.

సీఆర్‌ఎం197 కణాన్ని పట్టుకోగలిగి కూడా ఎందుకు చంపలేదో, పుస్తకం మూసి, నీ మాటల్లో ఒక పేజీ రాసి పంపు.

మీ తాతయ్య