ప్రాజెక్టు సక్సెస్ అయిందా? ఎవరినడిగారు?

ఐటీ ఇంటర్వ్యూల్లో ఫ్రెషర్లను తడబడేలా చేసే ప్రశ్న ఒకటుంది. ‘మీ ప్రాజెక్టు సక్సెస్ అయిందని ఎలా చెప్పగలరు?’ ఎక్కువమంది ‘మాడ్యూళ్లన్నీ పనిచేశాయి, గడువులోగా ఇచ్చేశాం’ అంటారు. కోడ్ రాసేవారికి ఆ జవాబు సరిపోవచ్చు. బిజినెస్ అనలిస్ట్, టెస్టింగ్, ఇంప్లిమెంటేషన్ సపోర్ట్ ఉద్యోగాలకు వెళ్లేవారికి మాత్రం చాలదు. అది ఎవరికి సక్సెస్ అయిందో కూడా వారు చెప్పగలగాలి.

నారాయణఖేడ్‌లో డిగ్రీ చదివేవారు ఈ పాఠం కోసం హైదరాబాద్ దాకా పోనక్కర్లేదు. తహసీల్దార్ ఆఫీసు చాలు. 2020 అక్టోబర్ 29న మొదలైన తెలంగాణ భూ రికార్డుల పోర్టల్ ధరణినే తీసుకోండి. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ రెండూ తహసీల్దార్ దగ్గరే ఒకేసారి అయిపోవాలన్నది దాని ఉద్దేశం. అంతకుముందు రిజిస్ట్రేషన్ ఒకచోట, మ్యుటేషన్ కోసం తిరుగుడు మరోచోట. ఏ చిక్కూ లేని భూమి కొన్నవారికి ఇది నిజంగానే పెద్ద ఊరట. వారినడిగితే ధరణి సక్సెస్.

సర్వే నంబరో విస్తీర్ణమో తప్పుపడిన రైతును అడిగి చూడండి. పట్టా భూమి నిషేధిత జాబితాలోకి ఎక్కిన రైతును కూడా అడగండి. చాలాకాలం సవరణ అధికారం కలెక్టర్ల దగ్గరే ఉండటంతో తహసీల్దార్‌కు తప్పు కళ్లముందే కనిపించినా దిద్దే వీలు లేకపోయింది. సాఫ్ట్‌వేర్ చెప్పినట్టే పనిచేసింది. లోపం అందులోకి ఎక్కించిన రికార్డుల్లోనూ, వాటిని సరిదిద్దే దారిలోనూ ఉంది. పొట్టకూటికి హైదరాబాద్‌కో చెరకు కోతలకో వలసపోయిన కుటుంబమైతే, ఆఫీసులో రిజిస్ట్రేషన్ స్లాట్ దొరికిన రోజున కూలి వదులుకుని బస్సెక్కాలి. ఆ ఖర్చు ఏ ప్రాజెక్టు రిపోర్టులోనూ కనిపించదు.

అందరికంటే ముఖ్యుడు ఇంకొకడున్నాడు, కౌలు రైతు. అతను పోర్టల్ తెరవడు, లాగిన్ చేయడు. పాత పహాణీలోని అనుభవదారు కాలమ్ ధరణిలో లేకుండా పోయింది. భూమిని సాగు చేస్తున్నది తానే అయినా ఆ రికార్డులో అతనికి చోటు లేకపోయింది. వాడేవారి జాబితాలో లేని మనిషి మీద కూడా సిస్టమ్ ప్రభావం పడుతుందని గుర్తించేవారే నా దృష్టిలో మంచి అనలిస్టులు.

సక్సెస్‌ను ఎలా కొలవాలన్నదానికి సిద్ధాంతం కూడా ఉంది. డెలోన్, మెక్‌లీన్ అనే పరిశోధకులు 1992లో ఒక నమూనా ఇచ్చి, 2003లో దాన్ని సవరించారు. సిస్టమ్ నాణ్యత, సమాచార నాణ్యత, సేవ నాణ్యత, వాడకం, వాడేవారి సంతృప్తి, చివరికి దక్కిన నికర ప్రయోజనం అందులోని కొలతలు. ధరణి విషయంలో గట్టిగా దెబ్బతిన్నది రెండోది. ప్రభుత్వం మారాక ప్రభుత్వ తీర్పూ మారింది. 2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో భూభారతి వచ్చింది, తొలగించిన అప్పీలు వ్యవస్థ కొత్త చట్టంతో తిరిగొచ్చింది. ఇప్పుడు భూభారతినీ ఇవే కొలతలతో చూడాలి, పేరు మారినంత మాత్రాన మార్కులు వేయకూడదు.

ఇక మీ పని. ఎస్‌క్యూఎల్, ఎక్సెల్, టెస్ట్ కేసులు రాయడం ఎలాగూ నేర్చుకుంటారు. వాటితోపాటు మీ మండలంలోని ఒక ఆన్‌లైన్ సేవను ఎంచుకోండి. రైతుతో, మీసేవ ఆపరేటర్‌తో, ఆఫీసు సిబ్బందితో, పంట రుణం ఇచ్చే బ్యాంకు ఉద్యోగితో విడివిడిగా మాట్లాడండి. ‘బాగుందా’ అనడిగితే మొహమాటానికి బాగుందనే అంటారు. ‘పోయినసారి పని ఎక్కడ ఆగింది, ఎవరి దగ్గరికి వెళ్లారు?’ అనడగండి. పేర్లు, పాస్‌బుక్ నంబర్లు రాసుకోవద్దు. ఎవరి సక్సెస్ ఎక్కడ ఇంకొకరి నష్టమవుతోందో రెండు పేజీల్లో రాసి రెజ్యూమెకు జతచేయండి. రైతు మాటను రైతు భాషలో విని, డెవలపర్‌కు అర్థమయ్యేలా చెప్పగలగడం ఉద్యోగం తెచ్చే నైపుణ్యమే. నారాయణఖేడ్ పిల్లలకు అందులో సగం ఇంట్లోనే వస్తుంది, మిగతా సగం ఈ సెలవుల్లో మొదలుపెట్టండి.