తోటరాముడి కథను విప్పి చూడండి

గుంటూరు బ్రాడీపేటలో పోటీ పరీక్షల పుస్తకాలు పట్టుకుని తిరిగే పిల్లల్లో కొందరి మనసు లోలోపల సినిమా కథల మీద ఉంటుంది. ఇంట్లో చెప్పలేరు, స్నేహితులకు చెబితే నవ్వుతారేమోనని భయం. అలాంటివాళ్లు "కథలు రాయాలనుంది, ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలి?" అని అడిగితే నేను చెప్పే మాట ఒకటే. రాయడం తర్వాత, ముందు ఒక మంచి సినిమాను కీళ్లకు కీళ్లు విప్పడం నేర్చుకోండి. మొదటి సినిమాగా 'పాతాళ భైరవి' తీసుకోండి.

1951 మార్చి 15న విడుదలైన జానపద చిత్రం అది. దర్శకుడు కె.వి.రెడ్డి, మాటలూ పాటలూ పింగళి నాగేంద్రరావు. 1952 జనవరిలో బొంబాయిలో మన దేశపు మొదటి అంతర్జాతీయ చలనచిత్రోత్సవం జరిగితే దక్షిణాది నుంచి అక్కడికి వెళ్లింది ఇదొక్కటే. గుంటూరు సీమకు ఈ సినిమాతో చుట్టరికం కూడా ఉంది. నాగిరెడ్డితో కలిసి దీన్ని నిర్మించిన చక్రపాణిది తెనాలి. కళా దర్శకుల్లో ఒకరైన మాధవపెద్ది గోఖలే ఈ జిల్లా మనిషే. తోటరాముడి వేషం కట్టిన ఎన్టీ రామారావు ఇక్కడి ఏసీ కాలేజీలో బీఏ చదివారు. అయితే నేను ఈ సినిమానే ఎంచుకోమనడానికి అసలు కారణం దాని కట్టుబడి. ఎక్కడ గుంజ పాతారో, ఎక్కడ దూలం వేశారో కొత్తవాడి కంటికి కూడా ఆనుతుంది.

ఒకసారి హాయిగా, ఏ ఆలోచనా లేకుండా చూసేయండి. రెండోసారి నోట్‌బుక్ పక్కన పెట్టుకోండి. ప్రతి సీనుకూ ఒక్క వాక్యమే రాయాలి: ఎవరికి ఏం కావాలి, ఎవరు అడ్డొచ్చారు, సీను ముగిసేసరికి ఏం మారింది. పేజీలు నిండాక వాక్యానికీ వాక్యానికీ మధ్య ఒక మాట పెట్టి చూడండి. "అందుకని" గానీ "అయితే" గానీ అతికిందా, కథ నడుస్తున్నట్టు. "ఆ తర్వాత" తప్ప మరేదీ అతకలేదా, అక్కడ అనుమానించాలి. మిర్చి యార్డులో టిక్కీలోంచి గుప్పెడు కాయలు తీసి చూడగానే తాలు ఎంతుందో చెప్పేవాళ్లను మీరు చూసే ఉంటారు. వాళ్లకు ఆ చూపు ఒక్కరోజులో రాలేదు. మీకూ రాదు, పది సినిమాలు పడతాయి.

ఇక తోటరాముడి దగ్గరికి వద్దాం. తోటమాలి కొడుకు రాకుమారి ఇందుమతిని ప్రేమించాడు. రాజు ఒక షరతు పెట్టాడు: నాతో సమానంగా సంపద తెచ్చి చూపించు, అప్పుడు చూద్దాం. సరిగ్గా అదే సమయానికి నేపాళ మాంత్రికుడు ఉజ్జయినిలో దిగాడు. అతనికి కావలసింది పాతాళ భైరవికి బలి ఇవ్వడానికి ఒక సాహసవంతుడైన యువకుడు. ఒకడికి సంపద కావాలి, ఇంకొకడికి సంపద ఆశ చూపిస్తే వెంట వచ్చే వీరుడు కావాలి. రెండు కోరికలూ తాళం, తాళంచెవిలా ఒకదానిలో ఒకటి దిగిపోయాయి. ఎవరి స్వార్థంతో వాళ్లు నడుస్తుంటే కథ దానంతటదే నడుస్తోంది. రచయిత వెనకనుంచి తోస్తున్నట్టు అనిపించదు. కొత్తగా రాసేవాళ్ల కథల్లో నాకు ఎక్కువగా కనబడే లోటు ఇదే. హీరోకి కోరిక ఉంటుంది గానీ విలన్‌కు హీరోని ఆపడం తప్ప సొంత పని ఏదీ ఉండదు.

సంపద ఆశతో రాముడు మాంత్రికుడి వెంట గుహకు వెళ్తాడు. పరీక్షలయ్యాక బలికి ముందు స్నానానికి దిగుతాడు. అక్కడ మొసలితో పోరు. శాపం తీరిన ఆ మొసలి అప్సరసగా మారి మాంత్రికుడి కుట్ర చెప్పేస్తుంది. బలి కావలసినవాడు బలి ఇవ్వబోయినవాణ్నే బలి ఇస్తాడు. కోరినదల్లా ఇచ్చే పాతాళ భైరవి ప్రతిమ చేతికొస్తుంది. మేడ వస్తుంది, సంపద వస్తుంది, రాజు పెళ్లికి ఒప్పుకుంటాడు.

ఇక్కడ ఆగి ఆలోచించండి. హీరో గెలిచాడు, విలన్ చచ్చిపోయాడు. కథ అయిపోవాలి. కె.వి.రెడ్డి బృందం అయిపోనివ్వలేదు. శిష్యుడు సదాజప గురువును బతికించాడు. బతికినవాడు ఇందుమతి మేనమామ శూరసేనుడి అసూయను వాడుకుని ప్రతిమను కొట్టేశాడు. మేడతో సహా ఇందుమతి మాయం. ఏ వస్తువు రాముడికి అన్నీ ఇచ్చిందో అదే వస్తువు అన్నీ లాగేసుకుంది. రెండో సగానికి కొత్త విలన్‌నో కొత్త సమస్యనో తేలేదు. మొదటి సగాన్నే తిరగేశారు. ఈ పొదుపును నేర్చుకోవాలి.

మరొకటి గమనించండి. రాముడి పతనానికి తలుపు తీసింది శూరసేనుడు, అంటే రేలంగి. ఆ పతనం నుంచి పైకి లాగింది రాముడి సహచరుడు అంజి, అంటే ఆనాటి హాస్యనటుడు బాలకృష్ణ. సదాజప వేషంలో మాంత్రికుడి గడ్డం గీయించి ప్రతిమను దొరకబుచ్చుకునేది అతనే. ఇద్దరూ నవ్వించడానికి ఉన్న పాత్రలే. కథ మాత్రం ఆ ఇద్దరి చేతుల మీదుగానే రెండుసార్లు మలుపు తిరిగింది. కామెడీ ట్రాక్ కథకు బయట వేలాడుతోందా, లోపల పనిచేస్తోందా అన్నది సినిమా విప్పాక మీరు రాసే నివేదికలో తప్పకుండా ఉండవలసిన అంశం.

రష్యన్ పండితుడు వ్లాదిమిర్ ప్రాప్ 1928లో వెలువరించిన పుస్తకంలో మాయకథలన్నీ 31 రకాల ఘట్టాలతో అల్లుకుంటాయని తేల్చాడు. వీరుణ్ని పరీక్షించి మాయావస్తువు అందించే పాత్ర ఒకటి, హాని తలపెట్టే పాత్ర మరొకటి అని విడదీశాడు. ఆ లెక్కతో చూస్తే నేపాళ మాంత్రికుడి గొప్పతనం బయటపడుతుంది. రాముణ్ని పరీక్షించి ప్రతిమ దాకా నడిపించిందీ అతనే, చంపాలని చూసిందీ అతనే. రెండు పనులూ ఒకే మనిషికి అప్పగించారు కాబట్టే ఆ వేషంలో ఎస్వీ రంగారావు తెరమీద ఉన్నంతసేపూ మనం కళ్లు తిప్పుకోలేం. సిద్ధాంత గ్రంథాలు చదవండి, కానీ సినిమాను వాటిలో ఇరికించకండి. ఎక్కడ ఇమడలేదో అక్కడే రచయిత ప్రతిభ ఉంటుంది.

ఇలా కథలు విప్పడం, కట్టడం ఉద్యోగమవుతుందా? అవుతుంది. రామారావు గుంటూరు జిల్లాలో సబ్ రిజిస్ట్రార్ కొలువులో చేరి మూడు వారాల్లోనే వదిలేసిన సంగతి అందరూ గర్వంగా చెబుతారు. మీరు ఆ దారి పట్టవద్దని నా మనవి. నాకు ఆదర్శంగా కనిపించే మనిషి వేరు. తెనాలి దగ్గర పెదగాదెలవర్రులో పుట్టిన దాసరి సుబ్రహ్మణ్యం 1952లో 'చందమామ' పత్రికలో చేరి దశాబ్దాల పాటు అక్కడే పనిచేశారు. తోకచుక్క, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, రాకాసిలోయ - ఆ సాహస సీరియళ్లన్నీ నెలజీతం మీద, నెలనెలా గడువు తప్పకుండా రాసినవే. మలుపు దగ్గర ఆపి, నెల తర్వాత అక్కణ్నుంచే అందుకోవడం ఆయన రోజువారీ పని. తెనాలివారే అయిన కొడవటిగంటి కుటుంబరావు అదే కార్యాలయంలో ఏళ్ల తరబడి పత్రికను నడిపించారు. కథ కట్టడం ఆ ఇద్దరికీ వృత్తి.

ఇప్పుడు ఆ వృత్తికి తలుపులు పెరిగాయి. నిర్మాణ సంస్థలకూ ఓటీటీలకూ వచ్చిన స్క్రిప్టులు చదివి, కథాసారం, బలం, లోపం రెండు పేజీల్లో రాసిచ్చేవాళ్లు కావాలి. దర్శకుల దగ్గర రచనా బృందాల్లో సహాయకులుంటారు. గేమ్ స్టూడియోల్లో కథా రూపకర్తలు, యానిమేషన్‌లో స్టోరీబోర్డు వేసేవాళ్లు, డబ్బింగ్ రచయితలు, ఆడియో సీరియళ్లు రాసేవాళ్లు ఉన్నారు. జీతాలు మొదట్లో తక్కువే, పని నిలకడగా దొరకదు. చేతిలో ఉన్న చదువో ఉద్యోగమో వదలకుండా రెండేళ్లు సాయంత్రాలు దీనికి ఇవ్వండి.

చదవాలనుకుంటే పుణెలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో స్క్రీన్‌ప్లే రచన కోర్సు ఉంది, డిగ్రీ పూర్తయ్యాక ప్రవేశ పరీక్ష రాయాలి. కోల్‌కతాలో సత్యజిత్ రే ఇన్‌స్టిట్యూట్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రంగస్థల కళలు, కమ్యూనికేషన్ విభాగాలున్నాయి. వివరాలు ఆయా సంస్థల వెబ్‌సైట్లలోనే చూసుకోండి. అవకాశం ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగే మనిషికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.

ఇంకో జాగ్రత్త. 1957 నాటి కాపీరైట్ చట్టం ఆలోచనను కాపాడదు, రాసిన రూపాన్నే కాపాడుతుంది. నోటితో కథ చెప్పి వచ్చి తర్వాత బాధపడేకన్నా ముందే పూర్తిగా రాసి, తేదీతో రిజిస్టర్ చేయించండి. రచయితల సంఘాలు ఆ సదుపాయం ఇస్తాయి. ముడిసరుకు కావాలంటే మన దగ్గర కొదవలేదు. 'పాతాళ భైరవి'కి మూలం మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'. సినిమాతో పక్కపక్కన పెట్టి చదివితే ఏం తీసుకున్నారో, ఏం వదిలేశారో మీకే తెలుస్తుంది.

ఆ పని అయ్యాక 1990 నాటి 'జగదేకవీరుడు అతిలోకసుందరి' విప్పండి. అక్కడ ప్రతిమ బదులు ఉంగరం. అది పోగొట్టుకోవడంతోనే కథ మొదలవుతుంది. తర్వాత 'బాహుబలి' రెండు భాగాలు. గతాన్ని ఎక్కడ తెంచి ఎక్కడ పెట్టారో గడియారం చూసి నిమిషాలతో సహా రాసుకోండి.

మీ మొదటి నివేదికను రెండు పేజీలు దాటనివ్వకండి. రాశాక ఆ సినిమా చూడని మనిషిని, ఇంట్లో అమ్మమ్మనైనా సరే, కూర్చోబెట్టి చదివి వినిపించండి. ఆవిడ "ఊఁ, ఆపైన?" అన్న ప్రతిచోటా పెన్సిల్‌తో గీత పెట్టండి. ఊఁ కొట్టడం మానేసిన చోట రెండు గీతలు పెట్టండి.