పెళ్ళిపందిరికి తగిన కటకం

హౌరాకు సుమారు 115 కిలోమీటర్ల దూరంలో వున్న ఖరగ్‌పూర్ రైలు వల్ల పుట్టి రైలు వల్ల పెరిగిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే కంపెనీ తన మార్గాన్ని వాల్తేరు దాకా సాగించిన తరువాత, ఉత్తరాంధ్ర గ్రామాలనుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు రైల్వే కొలువులకై వచ్చి ఇక్కడ స్థిరపడినాయి. ఈ పట్టణపు ముఖ్య విపణి గోల్‌బజార్. ఇక్కడ కెమెరా పట్టుకుని పెళ్ళిళ్ళ ఫొటోలు తీసి జీవించదలచిన యువకునికి ఒకే మాసంలో తెలుగు పెళ్ళి, బెంగాలీ పెళ్ళి, ఒడియా పెళ్ళి, పంజాబీ పెళ్ళి తటస్థపడవచ్చు. ఒక్క తెగవారి పెళ్ళిళ్ళతో అతని సంవత్సరం గడవదు. ఆచారం మారినప్పుడల్లా వెలుతురు మారుతుంది. నిలిచే చోటు మారుతుంది. కనుక కటకం అవసరమూ మారుతుంది.

ఈ వృత్తిలో అడుగుపెట్టేవారు తరచు చేసే పని, అప్పుచేసి తెచ్చిన సొమ్మంతా ఖరీదైన కెమెరాకే వెచ్చించి, దానితోపాటు వచ్చిన చౌక కటకంతో సరిపెట్టుకోవడం. ఇది తలకిందుల లెక్క. కెమెరా నాలుగైదేళ్ళలో పాతబడుతుంది. మంచి కటకం దాని తరువాతి కెమెరాకు కూడా పనికివస్తుంది. పైగా చెడిన ఫొటోకోసం మంగళసూత్రాన్ని మరల కట్టించడం సాధ్యం కాదు.

మొదట ఆలోచించవలసినది వెలుతురు. తెలుగువారి ముహూర్తాలు, బెంగాలీల లగ్నాలు పెక్కు రాత్రివేళనే వస్తాయి. కటకం ఎంత వెలుతురును లోనికి రానిస్తుందో ఎఫ్-సంఖ్య చెబుతుంది. ఆ సంఖ్య ఎంత చిన్నదైతే ద్వారం అంత పెద్దది. కెమెరాతో సాధారణంగా వచ్చే 18–55 మి.మీ. జూమ్ కటకం దూరపు కొసన ఎఫ్ 5.6 కంటె విప్పారదు. ఎఫ్ 1.8 గల స్థిరకటకం దానికంటె దాదాపు పది రెట్లు వెలుతురును ఇస్తుంది. ఈ వేట కొత్తది కాదు. 1839లో డాగ్యూర్ పద్ధతి వెలువడినప్పుడు మనిషి నిమిషాల తరబడి కదలక కూర్చోవలసి వచ్చేది. ఆ మరుసటి సంవత్సరమే వియన్నాలో గణితశాస్త్రజ్ఞుడు జోసెఫ్ పెట్జ్‌వాల్ సుమారు ఎఫ్ 3.6 ద్వారం గల కటకాన్ని రూపొందించడంతోనే ముఖచిత్రాల వృత్తికి దారి ఏర్పడింది. పందిట్లోని ఎల్.ఇ.డి. దీపాల విషయంలో మరొక జాగ్రత్త వుంది: మన విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులది గనుక కొన్ని చౌక దీపాలు సెకనుకు నూరుమార్లు మినుకుతాయి. షట్టరు వేగాన్ని సెకనులో నూరవవంతు వద్ద వుంచితే ఫొటోలో చారలు పడే ప్రమాదం తగ్గుతుంది.

అయితే ద్వారం పూర్తిగా తెరవడమే పరిష్కారం అనుకుంటే అక్కడే చిక్కు వస్తుంది. జీలకర్ర–బెల్లం ఘట్టాన్నే తీసుకుందాం. వధూవరులు ఎదురెదురుగా కూర్చుంటారు, నడుమ తెర. ముహూర్తవేళకు ఒకరి తలపై ఒకరు చేయి వుంచుతారు, తెర తొలగుతుంది, చూపులు కలుస్తాయి. ఇదంతా కొన్ని క్షణాల వ్యవహారం. ఫొటోగ్రాఫరు సరిగ్గా తెరకు ఎదురుగా నిలవగలిగితే రెండు ముఖాలూ అతనికి సమదూరంలో వుంటాయి. కాని ఆ చోట పురోహితుడో, తెర పట్టిన బంధువులో వుంటారు. వారిని తొలగమనడం మర్యాద కాదు. ఒక పక్కకు జరిగితే ఒక ముఖం కంటె మరొకటి జానెడుకు పైగా వెనుకకు పోతుంది. పూర్ణఫ్రేమ్ కెమెరాపై 85 మి.మీ. కటకాన్ని ఎఫ్ 1.8 వద్ద వుంచి రెండు మీటర్ల దూరంనుంచి తీస్తే స్పష్టంగా పడే లోతు ఆరు సెంటీమీటర్లే. వరుని ముఖం నిగనిగలాడుతుంది, వధువు ముఖం మసకబారుతుంది. అదే దూరంలో 50 మి.మీ. కటకం ఎఫ్ 1.8 వద్ద సుమారు 17 సెంటీమీటర్లు, ఎఫ్ 4 వద్ద సుమారు 38 సెంటీమీటర్ల లోతునిస్తుంది. ఎఫ్ 4కు దిగితే వెలుతురు అయిదోవంతుకు పడిపోతుంది. ఆ లోటును ఐ.ఎస్.ఓ. పెంచిగాని, ఫ్లాష్ కాంతిని పైకప్పుకు కొట్టి మళ్ళించిగాని పూరించుకోవాలి. తలంబ్రాల వేళకు సంగతి వేరు. అక్కడ బియ్యపుగింజలు గాలిలో నిలిచినట్లు కనబడాలంటే సెకనులో అయిదువందలవవంతు వేగమైనా కావాలి.

బెంగాలీ పెళ్ళిలో వధువు తమలపాకులతో ముఖం కప్పుకొని, పీటపై కూర్చుని వుండగా బంధువులు ఆమెను ఎత్తి వరుని చుట్టూ ఏడుమార్లు తిప్పుతారు. ఆ తరువాత ఆకులు తొలగించి వరుని చూసే ఘట్టమే శుభదృష్టి. మన తెరకు ఇది తోబుట్టువు వంటిదే; కాని ఇక్కడ వధువు నేలపై లేదు, మనుషుల భుజాల ఎత్తున కదులుతూ వుంటుంది; చుట్టూ జనం. ఫొటోగ్రాఫరు వెనుకకు జరిగితే ఆ ఖాళీలోకి నాలుగు తలలు వచ్చి చేరతాయి. కాబట్టి దగ్గరగా నిలిచి తీయగల 35 మి.మీ. కటకం ఇక్కడ అక్కరకు వస్తుంది; 85 మి.మీ. కటకం సంచిలోనే వుండిపోతుంది. శంఖధ్వని, స్త్రీల ఉలుధ్వని లేచినప్పుడు కెమెరా కంటి దగ్గర వుండాలని తెలుగు యువకునికి ఏ కటకమూ చెప్పదు. నాలుగు బెంగాలీ పెళ్ళిళ్ళకు అతిథిగా వెళ్ళి తెలుసుకోవలసిందే.

ఇక కుటుంబాలను నిలబెట్టి తీసే ఫొటోలు. రైల్వే క్వార్టర్స్ వరండా ముందు నాలుగు మీటర్లకంటె వెనుకకు జరగడానికి చోటు లేదనుకుందాం. పూర్ణఫ్రేమ్ కెమెరాపై 50 మి.మీ. కటకానికి అక్కడ మూడు మీటర్ల వెడల్పు కూడా పట్టదు, 24 మి.మీ. కటకానికి ఆరు మీటర్లు పడుతుంది. కాని విశాలకటకం అంచులవద్ద ఆకారాలను సాగదీస్తుంది. చివర నిలిచిన మేనమామ ఫొటోలో ఒక్కసారిగా లావెక్కి, ఆ నెపం ఫొటోగ్రాఫరుపై పెడతాడు! రెండు వరుసలుగా నిలిపి, అంచులలో కొంత ఖాళీ విడిచితే ఈ బాధ తప్పుతుంది.

చాలామంది ఆరంభకుల చేతిలో వుండేది చిన్న సెన్సరు కెమెరా. దానిపై కటకపు దృక్కోణం ఒకటిన్నర రెట్లు ఇరుకవుతుంది: 50 మి.మీ. కటకం 75 మి.మీ. వలె, 35 మి.మీ. కటకం దాదాపు 50 మి.మీ. వలె చూస్తాయి. అందువలన మొదటి కొనుగోలు 35 మి.మీ. ఎఫ్ 1.8 స్థిరకటకం కావడం మేలు. సమూహాలకు, పగటి వేడుకలకు కెమెరాతో వచ్చిన జూమ్ చాలు. రెండవది 50 మి.మీ. ఎఫ్ 1.8, అన్ని కటకాలలో చౌకైన వాటిలో ఇది ఒకటి, ముఖచిత్రాలకు చక్కనిది. వృత్తినిపుణులు వాడే 24–70 మి.మీ. ఎఫ్ 2.8 వంటి జూమ్ మంచిదే గాని, దాని ధర తొలి సంవత్సరపు సంపాదనను మింగవచ్చు. పెద్ద పెళ్ళి కుదిరినప్పుడు దానిని అద్దెకు తెచ్చి, ముందురోజే చేతికి అలవాటు చేసుకోవడం ఉచితం. 70–200 మి.మీ. దూరకటకం మొదటి కొనుగోళ్ళలో చేరవలసిన అవసరం లేదు. కటకాలకంటె ముందు రెండవ బ్యాటరీ, రెండవ మెమరీ కార్డు, వీలైతే అరువుకైనా రెండవ కెమెరా వుండాలి.

పాతవి కొనేవారు అమరికను చూసుకోవాలి. అద్దం లేని కొత్త కెమెరాలకు పాత కటకాలను అడాప్టరుతో తగిలించవచ్చు. కాని, ఉదాహరణకు, లోపల మోటారు లేని పాత నికాన్ కటకాలు ఆ సంస్థవారి ఎఫ్‌టీజెడ్ అడాప్టరుపై తమంతట తాము ఫోకస్ కావు. దక్షిణ బెంగాల్ తేమగాలిలో అంతకంటె పెద్ద శత్రువు బూజు. కొనే ముందు ద్వారాన్ని పూర్తిగా తెరిచి, వెనుకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడాలి. సాలెగూటి పోగులవంటి తెల్లని చారలు కనబడితే ఎంత చౌకైనా వదిలివేయాలి. కొన్న కటకాన్ని వర్షాకాలంలో తోలుసంచిలో మూసిపెట్టకూడదు. మూత బిగువుగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికాజెల్ పొట్లాలతో వుంచి, గింజల రంగు మారినప్పుడల్లా వాటిని వేడిచేసి ఆరబెట్టి తిరిగి వేస్తుండాలి. డబ్బాలో చిన్న తేమమాపకాన్ని వుంచి, ముల్లు 40–50 శాతం నడుమ నిలిచేటట్లు చూసుకుంటే చాలు.