పసుపు బస్సు ఎక్కించే ముందు

ఘట్‌కేసర్ చుట్టూ జనం పెరుగుతూనే ఉన్నారు. పోచారంలో ఇన్ఫోసిస్, అన్నోజిగూడ, నారపల్లి వైపు కాలనీలు, 2024లో ఎంఎంటీఎస్ రైలు. పిల్లలకు కొదవ లేదు. అయినా పొద్దున్నే ప్రైవేటు బడుల పసుపు బస్సులు ఊళ్లలోకొచ్చి, ఇంకా నిద్రమత్తు తీరని పిల్లల్ని ఎక్కించుకుపోతాయి, సర్కారు బడి గేటు ముందు నుంచే.

జూన్‌లో బడిబాట పేరుతో సర్కారు బడి టీచర్లు పిల్లల్ని చేర్పించమంటూ మీ గుమ్మం ముందుకొస్తారు. 'చూద్దాం సార్' అని పంపేయకుండా ఒక్క మాట అడగండి: బడిలో పిల్లలెందరు, టీచర్లెందరు? విద్యాహక్కు చట్టం లెక్కన ప్రాథమిక బడిలో అరవై మంది దాకా ఇద్దరే టీచర్లు. అరవై ఒకటో పిల్ల చేరితే మూడో టీచర్ రావాలి. అయిదు తరగతులను ఇద్దరు పంచుకుంటే చదువు ఎలా సాగుతుందో మీకు తెలిసిందే. అది చూసి ఇంకో నలుగురు పిల్లల్ని తీసేస్తారు, సంఖ్య ఇంకా పడిపోతుంది.

అందుకే ఒక్కరే తేల్చుకోకండి. వీధిలో అయిదారు ఇళ్లవాళ్లు కూర్చుని మాట్లాడుకోండి. ఒక్క పిల్లే వెళ్తే బిక్కుబిక్కుమంటుంది; తోడు నలుగురుంటే ఆడుతూ పాడుతూ వెళ్తుంది.

ముందు బడికి వెళ్లి చూడండి, మధ్యాహ్నం పూట అయితే మేలు. అన్నం వడ్డించేటప్పుడు పప్పు ఎంత పలచనో కంటికే కనిపిస్తుంది. మరుగుదొడ్డిలో నల్లా తిప్పండి. హెడ్ సార్‌ను అడిగి, మూడో తరగతిలో ముందు వరుసను వదిలేసి, మూలనున్న పిల్లతో తెలుగు వాచకంలో నాలుగు వరుసలు చదివించండి. ప్రైవేటు బడిలోనూ ఇదే చేయండి. ఆఫీసు గది దాటి లోపలికి రానివ్వకపోతే అదీ ఒక జవాబే.

'ఇంగ్లిష్ రాదేమో' అన్నది అందరి బెంగ. 2022-23 నుంచి సర్కారు బడుల్లోనూ ఇంగ్లిష్ మీడియం మొదలైంది. రెండు భాషల్లోనూ పాఠం ఉండే పుస్తకాలిచ్చారు. ఇంగ్లిష్ రాని అమ్మ కూడా తెలుగు పాఠం చూసి పిల్లకు చెప్పొచ్చు. నాకైతే ఇది ట్యూషన్ కన్నా నయమనిపిస్తుంది.

అసలు చిక్కు మూడేళ్ల వయసులో వస్తుంది. సర్కారు బడి చాలాచోట్ల ఒకటో తరగతితోనే మొదలవుతుంది. ఈలోపు ఎల్‌కేజీ, యూకేజీ అని ప్రైవేటులో చేరిన పిల్ల మళ్లీ వెనక్కి రాదు. ఆ రెండేళ్లకు అంగన్‌వాడీని ఒకసారి చూసి రండి.

ఇంకొకటి. ఇంటి ఆదాయం ఏడాదికి మూడున్నర లక్షలు దాటకపోతే, సర్కారు బడి పిల్లలు ఎనిమిదిలో ఎన్‌ఎంఎంఎస్ స్కాలర్‌షిప్ పరీక్ష రాయొచ్చు. ఎంపికైతే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏటా 12,000 రూపాయలు వస్తాయి. ప్రభుత్వ సాయం లేని ప్రైవేటు బడుల పిల్లలకు ఈ అవకాశం లేదు.

అయిదు తరగతులకూ ఒక్క టీచరే ఉన్నచోట మాత్రం 'ఊరి బడి కదా, చేర్చేయండి' అని నేననను. పిల్ల చదువు పణంగా పెట్టి బడిని నిలబెట్టమనడం న్యాయం కాదు. అందరూ కలిసి సంతకాలు పెట్టి ముందు మండల విద్యాధికారికి (ఎంఈఓ) అర్జీ ఇవ్వండి, టీచర్ వచ్చాక చేర్చండి.

ఫీజు బాకీ ఉందని పాత బడివాళ్లు టీసీ ఆపితే జంకకండి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో సర్కారు బడి ప్రవేశం నిరాకరించకూడదని చట్టంలోనే ఉంది. పుట్టిన తేదీ కాగితం లేకపోయినా అంతే.