పద్దెనిమిదేళ్లలోపు కేసు పడితే...



ఎల్బీనగర్‌లో రంగారెడ్డి జిల్లా కోర్టులను మనమంతా బస్సులోంచి చూసినవాళ్లమే. దిల్‌సుఖ్‌నగర్‌కు దగ్గర్లో సైదాబాద్‌లో బాలుర అబ్జర్వేషన్ హోం ఉన్న సంగతి మాత్రం చాలామందికి తెలియదు. పద్దెనిమిదేళ్లు నిండని పిల్లవాడి మీద నేరం మోపితే అతణ్ణి మామూలు కోర్టుకు తీసుకుపోరు. ఇరవై నాలుగు గంటల్లోగా జువైనల్ జస్టిస్ బోర్డు ముందు హాజరుపరచాలి. బోర్డులో ఒక మేజిస్ట్రేటు, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో కనీసం ఒకరు మహిళ. ఠాణా లాకప్‌లో పెట్టకూడదు, జైలుకు పంపకూడదు, బేడీలు వేయకూడదు. 2015 బాల న్యాయ చట్టం, 2016 నియమాలు చెప్పే మాట ఇది. పత్రికలు 'బాల నేరస్థుడు' అని రాస్తుంటాయి గానీ, ఆ మాట ఈ చట్టంలో లేదు.

ఇందులో మనలాంటి వాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైనది వయసు లెక్క. 1986 చట్టంలో మగపిల్లలకు పదహారేళ్లు, ఆడపిల్లలకు పద్దెనిమిదేళ్లు హద్దుగా ఉండేది. 2000 చట్టం ఇద్దరికీ పద్దెనిమిది చేసింది. ఏ రోజు నాటి వయసు చూడాలి? నేరం జరిగిన రోజుదా, కోర్టుకు తెచ్చిన రోజుదా? 2005లో ప్రతాప్ సింగ్ కేసులో అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం నేరం జరిగిన రోజు నాటి వయసే చూడాలని తేల్చింది. కేసు పదేళ్లు నడిచినా ఆ లెక్క మారదు.

వయసును రుజువు చేసే మొదటి కాగితం బడి ఇచ్చిన పుట్టిన తేదీ సర్టిఫికెట్ లేదా పదో తరగతి మెమో. అవి లేకపోతే మున్సిపాలిటీ లేదా పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. అదీ లేకపోతేనే ఎముకల పరీక్ష. ఆ పరీక్షలో రెండేళ్లు అటూ ఇటూ తేడా రావచ్చని సుప్రీంకోర్టు 1982లోనే చెప్పింది. ఇక మన ఇళ్ల సంగతి చూడండి. పుట్టిన రోజు ఎప్పుడని అమ్మనడిగితే "పత్తి ఏరేటప్పుడు పుట్టినవ్ బిడ్డా" అంటుంది. బడిలో చేర్చుకునే రోజు సారు మనిషిని చూసి జూన్ నెలలో ఏదో ఒక తేదీ రాసేస్తారు. అదే మెమోలోకి ఎక్కుతుంది. చేర్చుకోవడానికి ఒక ఏడు ఎక్కువ వేశారనుకోండి, నిజంగా పదిహేడేళ్ల పిల్లవాడు కాగితం మీద పద్దెనిమిది దాటి పెద్దల జైలుకు పోతాడు. నాన్న చేతిలో వేరే కాగితం ఉండదు. అయితే ఒక దారి ఉంది. నేరం నాటికి మైనర్‌నన్న మాట ఏ కోర్టులోనైనా, ఏ దశలోనైనా, తుది తీర్పు తర్వాతైనా ఎత్తవచ్చు.

నేరాలను చట్టం మూడు తరగతులు చేసింది. మూడేళ్ల వరకు శిక్ష పడేవి చిన్నవి. బస్టాండులో సెల్‌ఫోన్ దొంగతనం ఇందులోకే వస్తుంది. పెద్దవాళ్లతో కలిసి చేశాడన్న ఆరోపణ లేకపోతే చిన్న నేరానికి ఎఫ్‌ఐఆర్ కూడా కట్టరు. కనీస శిక్ష ఏడేళ్లు, ఆపైన ఉన్నవి ఘోర నేరాలు. మధ్యలోవి తీవ్రమైనవి. గరిష్ఠ శిక్ష ఎంత పెద్దదైనా కనీస శిక్ష నిర్ణయించకపోతే అది ఘోర నేరం కాదని 2020లో శిల్పా మిట్టల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ తేడా చిన్నది కాదు. పదహారు దాటిన పిల్లవాడిపై ఘోర నేరం మోపితేనే, పెద్దవాడిలా విచారించాలా వద్దా అని బోర్డు పరీక్షిస్తుంది. 2022 జూబ్లీహిల్స్ కేసులో అయిదుగురు మైనర్లలో నలుగురిని అలా విచారించాలని బోర్డు సెప్టెంబరులో ఆదేశించింది. పట్టుబడ్డాక వాళ్లను ఉంచింది సైదాబాద్ హోంలోనే. అలా ఆదేశించినంత మాత్రాన నేరం రుజువైనట్టు కాదు. ఆ పద్ధతిలో రుజువైనా ఉరిశిక్ష వేయకూడదు, ఎన్నటికీ విడుదల లేని యావజ్జీవమూ వేయకూడదు.

బోర్డే విచారించి తప్పు తేలితే? మందలించి పంపవచ్చు, సమాజ సేవ చేయించవచ్చు, ప్రొబేషన్‌పై ఇంటికి పంపవచ్చు. స్పెషల్ హోంలో పెట్టినా మూడేళ్లకు మించదు. బెయిలు ఇవ్వడమే మామూలు పద్ధతి. చెడు సావాసంలో పడతాడనో, ప్రమాదం ఉందనో, న్యాయానికి భంగమనో కారణం రాస్తేనే నిరాకరించాలి. మా అభిప్రాయంలో పేదింటి పిల్లలకు ఇక్కడే దెబ్బ తగులుతుంది. కూలికి పోయిన తండ్రి పిలిచిన రోజు రాలేకపోతే, చూసుకునే వాళ్లు లేరని రాసేయడం సులువు.

ఉద్యోగాలకు చదివే తమ్ముళ్లు అడిగే ప్రశ్న మరొకటి ఉంది: ఈ కేసు జీవితాంతం వెంటాడుతుందా? బోర్డు తేల్చిన కేసు వల్ల ఏ అనర్హతా రాదు. అప్పీలు గడువు ముగిశాక రికార్డు తీసేయాలి. పోలీసులు క్యారెక్టర్ సర్టిఫికెట్‌లో ఆ సంగతి రాయకూడదు. కేంద్ర బలగాల ఉద్యోగానికి ఎంపికైన ఒకతనికి బాల్యంలోని కేసు చూపి ఉద్యోగం ఇవ్వకపోతే, 2019లో సుప్రీంకోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. పదహారు దాటి ఘోర నేరంలో పెద్దవాడిలా విచారణకు గురై దోషిగా తేలిన వాళ్లకు మాత్రం ఈ రక్షణ ఉండదు.

పిల్లలకు, మహిళలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలును ఇవ్వాలని 1987 చట్టంలో ఉంది. 15100కు ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ పలుకుతుంది, పిల్లల కోసం 1098 ఉంది. మెమో జిరాక్స్ ఒకటి వార్డెన్ సారు దగ్గర, ఒకటి ఊళ్లో అమ్మ దగ్గర ఉంచండి. జనన ధ్రువపత్రం లేనివాళ్లు సంక్రాంతి సెలవులకు ఇంటికి పోయినప్పుడే పంచాయతీలో అడగండి.